సార్ మంచివాడే కావచ్చు, మీరూ రైలెక్కండి

ప్రశ్న: నమస్తే అక్కా. మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌను, పేరు వెయ్యకండి. మా పాపకి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. నాలుగేళ్లుగా షటిల్ ఆడుతోంది, కిందటేడు జిల్లా పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లింది. ఎనిమిది నెలల క్రితం అకాడమీకి కొత్త కోచ్ వచ్చారు. మంచి ఆటగాడు, ఓపికగా నేర్పుతారు. పాపలో టాలెంట్ ఉందని, మిగతా పిల్లలు వెళ్లిపోయాక అరగంట తనొక్కదానికే ఎక్స్‌ట్రా కోచింగ్ ఇస్తున్నారు. ఫీజు వద్దన్నారు. ఆలస్యమైతే తన బైకు మీదే దింపుతారు. పుట్టినరోజుకి నాలుగు వేల రాకెట్ కొనిచ్చారు. రెండు నెలల నుంచి రాత్రి పదిన్నర దాకా పాపకి వాట్సాప్‌లో మెసేజ్‌లు. ఏం తిన్నావు, స్ట్రెచింగ్ చేశావా, అలాంటివే. కానీ మధ్యమధ్యలో కొన్ని డిలీట్ చేసినట్టు కనిపిస్తోంది. వచ్చే శుక్రవారం విశాఖపట్నంలో టోర్నమెంట్, మూడు రోజులు. పేరెంట్స్ వస్తే పిల్లలకి టెన్షన్, మీరు రావద్దు, నేను చూసుకుంటా అంటున్నారు. మా ఆయనతో అంటే "గురువుని అనుమానిస్తే కళ్లు పోతాయి, ఫీజు లేకుండా నేర్పేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు" అని కేకలేశారు. పాపని అడిగితే "ఏం లేదమ్మా" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. తొమ్మిదేళ్ల తమ్ముడు కూడా వచ్చే నెల అక్కడే చేరతానంటున్నాడు. నాదే పాడుబుద్ధా అక్కా? ఏమీ లేనిదానికి బంగారంలాంటి కోచ్‌ని పోగొట్టుకుంటామేమోనని భయం.
– ఒక అమ్మ

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ డిలీట్ చేసిన మెసేజ్‌ల దగ్గర ఆగిపోయాను. స్ట్రెచింగ్ చేశావా అని అడిగిన మనిషికి ఆ మాట చెరిపేయాల్సిన పనేముంటుంది? ఫోన్లో ఒక్క సంగతి చూడండి. చెరిపేసిన గుర్తు ఎడమవైపు ఉంటే ఆయన తీసేశాడు. కుడివైపు ఉంటే పాప తీసేసింది. ఆయన తీసేసి ఉంటే, మీ కంట పడకూడనిదేదో రాశాడేమో అని అడగాల్సిందే. పాప తీసేసి ఉంటే, పిల్ల దేనికో భయపడుతోంది, లేదా సిగ్గుపడుతోంది. ఏదైనా సరే, తప్పు మాత్రం పాప మీద వెయ్యకండి.

ఇక పాడుబుద్ధి సంగతి. ఆ కోచ్ మంచివాడా, చెడ్డవాడా అన్నది ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అక్కడ ఉండి మీరూ చెప్పలేరు. మీరు చిక్కుకున్నది అక్కడే. ముందు ఆయన ఎలాంటివాడో తేల్చుకోవాలి, తేలాక ఏదైనా చెయ్యాలి అనుకుంటున్నారు. తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది. ఆ ప్రశ్నని పక్కన పెట్టేయండి. దానికి బదులు, మా పిల్ల ఒక పెద్ద మనిషితో, ఎవరి కంటా పడకుండా, ఎప్పుడెప్పుడు ఒంటరిగా ఉంటోంది అని లెక్క వేసుకోండి. సాయంత్రం ఆ అరగంట. బైకు. రాత్రి ఫోను. రేపు విశాఖలో మూడు రోజులు. నాలుగు సందులు తేలాయి. ఆ నాలుగూ మూసేయండి. ఆయన మంచివాడైతే ఆయనకి పోయేదేమీ లేదు, పాప ఆటకీ పోయేదేమీ లేదు.

పిల్లని పాడుచెయ్యాలనుకునేవాడు ముందు మెల్లగా నమ్మకం సంపాదించుకుంటాడు. దీన్ని ఇంగ్లిషులో గ్రూమింగ్ అంటారు. మనకి అంతకంటే మంచి మాటే ఉంది, మచ్చిక చేసుకోవడం. పిల్లకి గడ్డి చూపించే ముందు కాపరికి చూపిస్తారు. అంటే అమ్మానాన్నలకి. ఫీజు వద్దంటారు, ఇంటికొచ్చి కాఫీ తాగుతారు, మీ పాప ఆట మామూలు ఆట కాదంటారు. ఏ అమ్మానాన్నలకి ఆ మాట చేదు? ఆ తర్వాత పిల్లని మిగతావాళ్ల నుంచి కొంచెం విడదీస్తారు. స్పెషల్ కోచింగ్, స్పెషల్ గిఫ్టు. తర్వాత చిన్న చిన్న రహస్యాలు మొదలవుతాయి. "ఇది అమ్మకి చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది" లాంటివి. మొదటి రహస్యంలో తప్పేమీ ఉండదు, ఐస్‌క్రీం తిన్నామన్నదే అయి ఉంటుంది. పిల్ల నోరు విప్పుతుందా లేదా అని చూసుకోవడానికే అది. మీరు రాసిన వాటిలో ప్రతి ఒక్కటీ విడిగా చూస్తే మంచితనమే. రాకెట్ కొనిచ్చిన కోచ్‌లు నాకు తెలుసు, దేవుడిలాంటివాళ్లు. కానీ గిఫ్టు, ఒంటరి అరగంట, రాత్రి మెసేజ్, చెరిపివేత, పైన "మీరు రావద్దు" అన్న మాట, ఇవన్నీ ఒకే మనిషి దగ్గర వరసగా కనిపిస్తే ఏ తల్లికైనా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టే ఉంటుంది. మీకు ఉండటంలో వింతేమీ లేదు.

పాప "ఏం లేదమ్మా" అని తలుపేసుకుంది కదా. దాని గురించి నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను హైస్కూల్లో ఖోఖో ఆడేదాన్ని. పోటీలకి వేరే ఊరు వెళ్తే అక్కడి స్కూల్లోనే బస. తరగతి గదిలో బెంచీలు గోడకి జరిపి, దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్లం. ఒకసారి మాతో వచ్చిన ఒక సారు, కాళ్ల నొప్పులకి బామ్ రాస్తానని రాత్రిపూట ఒక్కొక్కరినీ స్టాఫ్ రూముకి పిలిచేవాడు. ఎవరిని పిలిచినా మేం ముగ్గురం కలిసి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడేవాళ్లం. అలా చెయ్యమని మాకెవరూ నేర్పలేదు. నొప్పి లేదు సార్, తగ్గిపోయింది సార్ అని కోరస్‌గా చెప్పి తిరిగొచ్చేసేవాళ్లం. వెనక్కొచ్చి దుప్పటి కింద నవ్వుకునేవాళ్లం కూడా. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కరమూ నోరు మెదపలేదు. ఎందుకంటే చెబితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. మా నాన్న వెళ్లి ఆ సారుని ఏమీ అడగడు, నన్ను ఆట మాన్పిస్తాడు. మా జట్టులో అందరికంటే బాగా పరిగెత్తే అమ్మాయి ఒక్కతే ఇంట్లో చెప్పింది. మర్నాటి నుంచి గ్రౌండుకి రాలేదు. సారు మాత్రం మరుసటి ఏడాది కూడా జట్టుతో వచ్చాడు.

మన ఇళ్లలో పిల్లలు నోరు మూసుకునేది ఎక్కువగా ఇందుకే. వేధించిన వాడి మీద భయం ఒకటైతే, చెబితే ఆట పోతుందన్న భయం దానికి నాలుగింతలు. మీ పాపకి షటిల్ అంటే ప్రాణం. నోరు విప్పితే అమ్మ అకాడమీ మాన్పిస్తుంది, నాన్న కేకలేస్తాడు, రాకెట్ అటక మీదకి పోతుంది. అడ్డంగా తలూపి తలుపేసుకోవడం పాప లెక్కలో తెలివైన పనే.

అందుకని ప్రశ్నలు అడగడం కంటే ముందు ఒక మాట ఇవ్వండి. "నువ్వు మాకేం చెప్పినా సరే, నీ ఆట మాత్రం ఆగదు. ఈ అకాడమీ కాకపోతే ఇంకోటి. పక్క ఊరైతే నేనే తీసుకెళ్తా." ఇది మీరు ఒక్కరే చెబితే సగం పని. ఆటకి డబ్బు కట్టేది, అకాడమీ మాన్పించగలిగేది నాన్నేనని పాపకి తెలుసు. నాన్న నోటి నుంచి రావాలి. చెప్పే ముందు మీరిద్దరూ నిజంగానే ఇంకో అకాడమీ ఎక్కడుందో, బస్సెన్నింటికో కనుక్కుని పెట్టుకోండి. ఉత్త మాటైతే పిల్లలు పసిగట్టేస్తారు.

అడిగేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి అడక్కండి. పోలీసు విచారణలా ఉంటుంది. మా ఇంట్లో అసలు సంగతులన్నీ స్కూటీ మీదే బయటికొచ్చాయి. నేను ముందు, మా అమ్మాయి వెనక. ఒకరి మొహం ఒకరికి కనపడదు, గాలికి సగం మాటలే వినిపిస్తాయి, సిగ్నల్ పడితే ఆగుతాం. అలాంటి చోటు మీరూ ఒకటి వెతుక్కోండి. బట్టలు మడతపెట్టేటప్పుడైనా, జడ వేసేటప్పుడైనా. "సార్ నిన్నేమైనా చేశాడా" అని అడక్కండి. దానికి లేదు అన్నదొక్కటే జవాబు. "ఆ అరగంటలో ఏమేం ప్రాక్టీస్ చేయిస్తారు, అప్పుడు షెడ్డులో ఇంకెవరుంటారు, సార్ చేసేవాటిలో నీకు చిరాకనిపించేది ఏంటి, ఆ మెసేజ్ ఏముందని తీసేశారు" ఇలా అడగండి. ఒక రోజులో అంతా రాదు. పిల్లలు మొదట ఒక చిన్న ముక్క చెప్పి, మీ మొహం ఎలా మారిందో చూస్తారు. మీరు అదిరిపడితే మిగతాది లోపలే ఉండిపోతుంది. "ఊ, తర్వాత?" అని, జడ అల్లుతూనే ఉండండి. లోపల ఎంత దడ పుట్టినా సరే.

ఇప్పుడు కోచ్‌తో మాట్లాడటం. ఆయన మీద నింద వెయ్యనక్కర్లేదు, నిలదీయనక్కర్లేదు. ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటులా చెప్పండి. "సార్, ఇకనుంచి పాపకి చెప్పాల్సిందేదైనా నాకో, మా ఆయనకో, లేకపోతే పేరెంట్స్ గ్రూపులోనో పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత పాప ఫోను మా దగ్గరుంటుంది. ఎక్స్‌ట్రా కోచింగ్‌కి ఫీజు ఇస్తాం, ఇంకో ఇద్దరు పిల్లల్ని కూడా కలుపుకోండి, నేను వచ్చి బెంచీ మీద కూర్చుంటా. దింపే పని మాదే." అంతే. ఫీజు ఇవ్వడం ముఖ్యం. ఉచితంగా తీసుకున్నదానికి మొహమాటం వడ్డీ పడుతుంది, ఆ వడ్డీ పిల్ల కట్టకూడదు.

చెప్పాక ఆయన ఏమంటాడో వినండి. మంచి కోచ్ అయితే "హమ్మయ్య, మీరే అడిగారు" అంటాడు. నాకు తెలిసిన కోచ్‌లు కొందరు రాకెట్‌కి తీగలు బిగించే గట్టింగ్ మిషన్ ఉన్న గదిలోకి కూడా పిల్లల్ని ఒక్కరినే రానివ్వరు, తలుపు తీసే ఉంచుతారు. వాళ్ల మీద మాట రాకుండా వాళ్ల జాగ్రత్త అది. అలా కాకుండా ఆయన నొచ్చుకుని, పాప ముందే "మీ అమ్మకి నా మీద నమ్మకం లేదు" అన్నాడనుకోండి, లేదా ఆ వారం నుంచే పాప ఆటలో తప్పులు వెతికి చివరి కోర్టుకి పంపేశాడనుకోండి, మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే. ఆ రోజే అకాడమీ మార్చండి.

అకాడమీ యజమానిని కూడా కలవండి. రేకుల షెడ్డు, నాలుగు కోర్టులు, ఒక గుమాస్తా ఉండే చోట ఇవన్నీ ఎవరూ అడగరు, అందుకే అడగాలి. కోచ్ ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడు, అక్కడినుంచి ఎందుకు వచ్చేశాడు, అక్కడికి ఫోన్ చేసి కనుక్కున్నారా? బట్టలు మార్చుకునే గది తాళం ఎవరి దగ్గరుంటుంది? అమ్మాయిల బ్యాచ్ ఉన్నంతసేపూ ఒక ఆడమనిషి ఉంటుందా? పిల్లలకి ఏదైనా ఇబ్బందైతే ఎవరికి చెప్పాలో గోడ మీద ఎక్కడైనా రాసి ఉందా? ట్రోఫీలతో దిగిన ఫ్లెక్సీలు షెడ్డు నిండా ఉంటాయి. ఈ ఒక్క కాగితం మాత్రం ఉండదు.

మీ ఆయన సంగతికి వస్తాను. గురువుని అనుమానిస్తే కళ్లు పోతాయన్నారు. ఆయనకి ఈ పేరా చదివి వినిపించండి. అమెరికాలో లారీ నాసర్ అని ఒక డాక్టర్ ఉండేవాడు. వాళ్ల జిమ్నాస్టిక్స్ జట్టుకి, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి ఏళ్ల తరబడి వైద్యుడు. కోచ్‌లు కటువుగా ఉండే క్యాంపుల్లో పిల్లలతో నవ్వుతూ మాట్లాడేవాడు, తినడానికి ఏదో ఒకటి దాచి తెచ్చిపెట్టేవాడు. వైద్యం పేరు చెప్పి వాళ్లని పాడుచేశాడు. కొన్నిసార్లు ఆ పిల్లల అమ్మలు అదే గదిలో కుర్చీలో కూర్చుని ఉండగానే, వాళ్లకి కనపడకుండా అడ్డం నిలబడి. అంత నమ్మకం. 1997లోనే ఒక అమ్మాయి తన కోచ్‌కి చెప్పిందని తర్వాత బయటపడింది, అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2016లో ఇండియానాపోలిస్ స్టార్ పత్రిక రాసేదాకా అలాగే సాగింది. 2018 జనవరిలో శిక్ష పడే ముందు 150 మందికి పైగా కోర్టులో నిలబడి తమ గోడు చెప్పారు. ఆ అమ్మానాన్నలంతా తెలివితక్కువవాళ్లు కారు, పిల్లల్ని ప్రేమించనివాళ్లూ కారు.

అమెరికా కథ మనకెందుకు అంటారేమో. హర్యానాలోని పంచకులలో 1990లో 14 ఏళ్ల టెన్నిస్ అమ్మాయికి స్పెషల్ కోచింగ్ ఇప్పిస్తానని ఆ రాష్ట్ర లాన్ టెన్నిస్ అసోసియేషన్ అధ్యక్షుడు వాళ్ల నాన్నతో చెప్పాడు. ఆయన పెద్ద పోలీసు అధికారి. ఆ అమ్మాయి తన స్నేహితురాలితో కలిసే వెళ్లింది. కోచ్‌ని పిలుచుకురా అని ఆ స్నేహితురాలిని బయటికి పంపేశాడు. ఆ కాసేపే ఆయనకి దొరికిన సందు, ఆ పిల్ల మీద చెయ్యి వేశాడు. ఫిర్యాదు చేశాక అమ్మాయిని స్కూల్లోంచి తీసేశారు, అన్న మీద దొంగతనం కేసులు బనాయించారు. 1993లో ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. కోర్టు ఆయన్ని దోషి అన్నది 2009 డిసెంబరులో. పడిన శిక్ష ఆరు నెలలు. పై కోర్టు దాన్ని ఏడాదిన్నర చేసింది. 2016లో సుప్రీంకోర్టు నేరాన్ని ఖాయం చేసి, శిక్షని మాత్రం అప్పటికే జైల్లో ఉన్న కాలానికి కుదించింది. ఇన్నేళ్లూ సాక్ష్యం మీద నిలబడింది ఆ స్నేహితురాలే, వెనక్కొచ్చి చూసిన అమ్మాయి. పిల్లలు ఇద్దరుగా ఉండటం ఎందుకు ముఖ్యమో ఇంతకంటే నేను చెప్పలేను.

గురువు దేవుడే అనుకుందాం. గుడిలో దేవుడికి కూడా గర్భగుడి తలుపులు తీసే ఉంచి దర్శనం చేయిస్తారు కదా.

తమ్ముడి సంగతి మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. అబ్బాయి కదా, వాడికేం భయం అనుకున్నట్టున్నారు. అందరమూ అనుకుంటాం. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. 53 శాతం మందికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వాళ్లలో సగానికి కాస్త ఎక్కువ మగపిల్లలే. ఇంగ్లండులో 2016 నవంబరులో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు చిన్నప్పుడు తన కోచ్ ఏం చేశాడో పేపరుకి చెప్పాడు. ఆ కోచ్ పేరు బ్యారీ బెన్నెల్. పిల్లల్ని రాత్రిళ్లు తన ఇంట్లో ఉంచుకునేవాడు. ఆ ఇంట్లో గేమ్ మెషిన్లు, పెంపుడు కోతి కూడా ఉండేవట. పదేళ్ల పిల్లాడికి అంతకంటే స్వర్గం ఏముంటుంది? వుడ్‌వర్డ్ నోరు విప్పాక, నాకూ అలాగే జరిగిందంటూ ఎంతోమంది మగవాళ్లు బయటికొచ్చారు. కొందరికి అప్పటికే నెరిసిన జుట్టు. 2018లో బెన్నెల్‌కి 30 ఏళ్ల శిక్ష పడింది. మీ వాడిని చేర్పించేటప్పుడు అక్కకి పెట్టిన రూల్సన్నీ వాడికీ పెట్టండి. అబ్బాయిలకి ఇంకో కష్టం కూడా ఉంది, చెబితే నవ్వుతారని. వాడు చెబితే నవ్వకండి, మీ ఆయన్నీ నవ్వనివ్వకండి.

ఇంకొకటి, చిన్నదే. సార్ కొడితేనే ఆట వస్తుందని మన దగ్గర ఒక నమ్మకం. షటిల్ మిస్సైతే తొడ మీద రాకెట్‌తో ఒక్కటి, బరువు పెరిగితే అందరి ముందూ పందీ అని ఒక మాట. మనం నవ్వి ఊరుకుంటాం. తన ఒంటి మీద సార్‌కి హక్కుందని ఆ దెబ్బతోనే పిల్లకి నేర్పిస్తున్నాం. రేపు ఇంకో రకంగా చెయ్యి వేస్తే వద్దనడానికి దానికి నోరెక్కడినుంచి వస్తుంది?

పాప నిజంగానే ఏదైనా చెప్పిందనుకోండి. అలా కాకూడదని కోరుకుంటాను, కానీ తెలిసి ఉండాలి. ముందుగా "నువ్వు చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి. ఇంకో పది ప్రశ్నలు వెయ్యకండి, అదే కథ అత్తకీ పిన్నికీ మళ్లీ చెప్పించకండి. ఫోన్లో ఉన్నది ఒక్క అక్షరం చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి మీ ఫోనుకి పంపుకోండి. మీ ఆయన్ని కోపంతో అకాడమీ మీదకి పోనివ్వకండి. ఆయన అక్కడ కాలర్ పట్టుకునేలోపు ఇక్కడ కోచ్ తన ఫోను ఖాళీ చేసేస్తాడు.

1098 పిల్లల హెల్ప్‌లైన్. ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బులు పడవు. అత్యవసరమైతే 112. ఇప్పుడే, ఏమీ తేలకముందే కూడా 1098కి చేసి సలహా అడగొచ్చు. పిల్లల మీద లైంగిక నేరాలకి 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే. ఒంటి మీద చెయ్యి వేస్తేనే నేరం అనుకోకండి. చెడు ఉద్దేశంతో పిల్లకి పదే పదే ఫోన్లో మెసేజ్‌లు పెట్టడం కూడా ఆ చట్టం కింద నేరమే, మూడేళ్ల దాకా శిక్ష. పిల్లని స్టేషన్ చుట్టూ తిప్పుతారన్న భయం వద్దు. వాంగ్మూలం మీ ఇంట్లోనే, లేదా పాప కోరుకున్న చోట తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు, మీరు పక్కనే ఉండొచ్చు. రాత్రిపూట పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. డాక్టర్ పరీక్ష అవసరమైతే ఆడపిల్లకి లేడీ డాక్టరే చెయ్యాలి. పేపర్లోనూ టీవీలోనూ పేరు, ఫోటో, స్కూలు ఏదీ రాకూడదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మీ ఊళ్లో తెలిసినవాళ్లుంటారనుకుంటే పక్క ఊళ్లో ఇవ్వండి.

ఈ చట్టంలో ఇంకో సంగతి ఉంది, అది అకాడమీ యజమానికి చెప్పండి. తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే. ఎవరికైనా ఆరు నెలల దాకా శిక్ష ఉంటుంది. సంస్థని నడిపేవాడు తన కింద పనిచేసేవాడి సంగతి దాస్తే ఏడాది దాకా. కాబట్టి "నలుగురు పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకుందాం, పిల్ల పరువు కదా" అని ఎవరైనా వస్తే, పరువు ఎవరిదో సరిగ్గా అడగండి. కోచ్‌ని మాన్పించేసి చేతులు దులుపుకున్నా సరిపోదు. వాడు రేపు ఇంకో ఊళ్లో ఇంకో షెడ్డులో ఈల మెళ్లో వేసుకుని నిలబడతాడు. సదుద్దేశంతో చెప్పిన మాట తర్వాత నిలబడకపోయినా, చెప్పినందుకు మీ మీద కేసు ఉండదు. ఈ సంగతి తెలియకే చాలామంది వెనకాడతారు.

ఇక శుక్రవారం. "పేరెంట్స్ రావద్దు" అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. 2022లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జాతీయ క్రీడా సమాఖ్యలకి ఒక నిబంధన పెట్టింది. జట్టులో అమ్మాయిలుంటే దేశంలో ఎక్కడికెళ్లినా, విదేశాలకెళ్లినా వెంట ఒక మహిళా కోచ్ ఉండాలని. జాతీయ జట్టు పెద్దమ్మాయిలకే అలా ఉండగా, 13 ఏళ్ల పిల్లని మగ కోచ్ ఒక్కడే మూడు రోజులు తీసుకెళ్తాననడమేమిటి? వెళ్లే పిల్లల అమ్మలకి ఈ రాత్రే ఫోన్ చేయండి. అందరూ రాలేకపోతే ఇద్దరు చాలు, వచ్చే టోర్నమెంటుకి ఇంకో ఇద్దరు. రూములు ఎవరు బుక్ చేశారో, ఏ లాడ్జో, ఎవరు ఎవరితో ఉంటారో ముందే రాయించుకోండి. అమ్మాయిలు అమ్మాయిలతోనే, పక్క రూములో మీరు. కోచ్ రూముకి పిల్లలెవరూ వెళ్లకూడదు, వీడియో చూసి ఆట విశ్లేషణ చెయ్యాలన్నా హోటల్ హాల్లోనే. కాళ్లు పట్టేస్తే నొక్కేది మీరు, లేదా నలుగురూ ఉన్న చోట ఫిజియో. మీరు రావడం కుదరదని ఆయన గట్టిగా పట్టుబడితే, ఆ టోర్నమెంటు పాప ఆడదు. పదమూడేళ్లకి ఒక టోర్నమెంటు పోతే ఏమీ కాదు. ఎందుకు ఆడటం లేదో పాపకి మీరే చెప్పండి, అది తనకి పడిన శిక్ష అనుకోకూడదు.

అంతదాకా రాదనే నా ఆశ. టికెట్ తీసుకోండి. రిజర్వేషన్ దొరక్కపోతే బస్సు. మీ ఆయనకి సెలవు దొరికితే ఆయన్నే పంపండి, పిల్ల ఆట చూసి ఆయనకి చాలా రోజులై ఉంటుంది. గ్యాలరీలో కాస్త పైన కూర్చోండి. పాయింటు పాయింటుకీ లేచి అరవకండి. ఆ ఒక్క విషయంలో మీ కోచ్ చెప్పింది నిజమే, అమ్మానాన్నలు అరిస్తే పిల్లలకి టెన్షనే. పులిహోర కట్టుకెళ్లండి, జట్టులో పిల్లలందరికీ సరిపడా.